ఎప్పటిలాగేనా?

కత్తెరమ్మకి మానవ హక్కుల మీద ప్రత్యేకమైన అభిప్రాయం ఏదీ ఉండేది కాదు. యుద్ధం మొదలు కాకముందు ఒకసారి, వీధిలో దుకాణాల వాళ్ళందరితో పాటు ఆమెనీ ఒక సభకి తీసుకెళ్ళారు. వెనక బ్యానరు, బల్ల మీద నీళ్ళ సీసాలు, వచ్చినవాళ్ళకి తలా ఒక ప్లాస్టిక్ ఫైలు. మనిషికి పుట్టుకతో వచ్చే గౌరవం గురించి ఒకాయన చాలాసేపు మాట్లాడాడు. బయటికొచ్చాక ఏం అర్థమైందని ఎవరో అడిగితే, "ఆయన మెడ మీద మిషన్ సరిగ్గా పట్టలేదు, ఎడంపక్క మెట్టు పడింది" అంది. ఆ ఫైలులో ఇప్పుడు బ్లేడ్ల పొట్లాలు ఉంటాయి.

ఇలాంటివాళ్ళ గురించి రాయబోతే కలం దానంతట అదే పూలదండ అల్లడం మొదలుపెడుతుంది. చేతులు గరుకైనా గుండె మెత్తన, మాట కరుకైనా మనసు వెన్న, ఇలా. కత్తెరమ్మ చేతులు మెత్తగానే ఉంటాయి. గరుకు చేతులతో గడ్డం గీస్తే గిరాకీ ఎవరొస్తారు? గుండె సంగతి ఇంట్లోవాళ్ళని అడగాలి, వాళ్ళు అంత గట్టిగా ఏమీ చెప్పరు. నోటి సంగతి మాత్రం వీధి వీధంతా చెబుతుంది. చేతిలో కత్తెర లేకపోయినా ఆ పేరు ఆమెకి సరిపోయేది.

షాపు తండ్రిది. ఆయనకి కుడిచెయ్యి పడిపోయాక, మగపిల్లలు లేరు గనక, కత్తెర ఈమె అందుకుంది. మొదట్లో మగాళ్ళు గడప దాకా వచ్చి తటపటాయించేవారు. ఆడమనిషి చేతిలో తల పెట్టడమా అని ఒకాయన పైకే అనేశాడు. "ఇంట్లో మీ తల ఎవరి చేతిలో ఉందో నాకు తెలియదనుకున్నారా? రండి, కూర్చోండి" అంది. ఆయన కూర్చున్నాడు. ఆయన కొడుకులూ అక్కడే కూర్చున్నారు.

ఒకటే కుర్చీ, గిర్రున తిరిగేది. ఎదురుగా ఒక మూల పాదరసం ఊడిన అద్దం. గోడ వారగా బెంచీ. బెంచీ చివర ఆమె భర్త, చేతిలో పాత పేపరు. ఆయన బస్సు నడిపేవాడు. వంతెన మీద బస్సులు ఆగిపోయాక ఆ బెంచీయే ఆయన డ్యూటీ.

ఆ షాపులో తండ్రి కాలం నుంచీ ఒక పద్ధతి ఉంది. కొత్తవాళ్ళు కూర్చుంటే "ఎలా కావాలి?" అని అడుగుతారు. పాతవాళ్ళని మాత్రం, గుడ్డ కప్పి వెనక ముడి వేస్తూ, "ఎప్పటిలాగేనా?" అంటారు. ఈ రెండు ప్రశ్నలకీ మధ్య చాలా దూరం ఉంది. మొదటిది పని తెలుసుకోవడానికి. రెండోది, నువ్వెవరో నాకు గుర్తుంది అని చెప్పడానికి. ఆ ప్రశ్న అడిగించుకోవడం కోసం ఊరికే ఊరికే గడ్డానికి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు.

ఇక యుద్ధం. ఏటికి అవతలి కొండలు తిరుగుబాటువాళ్ళవి, ఇవతలి ఊరు సైన్యానిది. ఇద్దరూ ప్రజల కోసమే పోరాడుతున్నామని మైకుల్లో చెప్పుకునేవారు. ప్రజలు ఇద్దరికీ అడ్డం రాకుండా గోడ వారగా నడవడం నేర్చుకున్నారు. సెలూన్ల వాళ్ళలో సగం మంది ఊరొదిలి పోయారు. వయసులో ఉన్నవాళ్ళని సైన్యం పట్టుకుపోయింది. పెద్దబడి మూసేసి కిటికీలకి రేకులు కొట్టారు. లోపల మనుషులున్నారని అందరికీ తెలుసు. ఎవరున్నారో ఎవరికీ తెలియదు.

కత్తెరమ్మ మరిది కరెంటు పనివాడు. వంతెన దగ్గర చెక్‌పోస్టులో సంచి విప్పించారు. వైరు చుట్ట, టెస్టరు, పాత బ్యాటరీ. కరెంటు పనివాడి సంచిలో ఇంకేం ఉంటాయి? కానీ ఆ సంవత్సరం ఆ మూడూ ఒకేచోట ఉంటే వాటి పేరు బాంబు. జీపెక్కించడం చూసినవాళ్ళున్నారు. అతని భార్య సైన్యం ఆఫీసుకి పరుగెత్తింది. కిటికీలోంచి ఒక గొంతు, "అలాంటి మనిషి మా దగ్గర లేడు" అంది.

ఉపన్యాసాల్లో చెప్పని సంగతి ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. పట్టుకున్నాం అన్న మాట ఎంత భయంకరమైనదైనా దానికో తోక ఉంటుంది. ఎందుకు పట్టుకున్నారని అడగొచ్చు, చూపించమనొచ్చు, ఎప్పుడో ఒకప్పుడు వదలమనొచ్చు. లేడు అన్న మాటకి తోకా లేదు, తలా లేదు. లేనివాణ్ణి కొడితే ఎవరూ కొట్టినట్టు కాదు. లేనివాడు చస్తే ఎవరూ చంపినట్టు కాదు. ఆ ఇంటికి అప్పుడు కావలసింది న్యాయం కూడా కాదు. "ఉన్నాడు" అన్న ఒక్క మాట, అది కూడా వాళ్ళ నోటి నుంచే.

తోడికోడలు పొద్దున్నే ఆ కిటికీ దగ్గరికి వెళ్ళి, "లేడు" అనిపించుకుని, వచ్చి షాపు బెంచీ మీద కూర్చునేది. వాళ్ళిద్దరికీ అంతకుముందు పొసిగేది కాదు. ఒకే వాకిలి, రెండు వాటాలు, ఒకటే నీళ్ళ ట్యాంకు. దాని దగ్గర మొదలైన గొడవ ఎవరి పిల్లలు ఎవరి పిల్లల్ని గిల్లారన్న దాకా పోయింది. ఇప్పుడు రోజూ ఎదురెదురు.

"ఇవాళేమన్నారే?" అనేది కత్తెరమ్మ.

"ఏమంటారు. నీకు పెళ్ళయిందని రుజువేంటి అన్నాడు ఆ కిటికీవాడు."

"నా దగ్గరికి పంపు. ఆ పెళ్ళిలో నీ మొగుడికి గడ్డం గీసింది నేనే. మూడుసార్లు తెగింది."

"ఇప్పుడు జోకులా అక్కా? నీకేం, నీ మొగుడు బెంచీ మీద ఉన్నాడు."

ఆ మాటకి బెంచీ మీది పేపరు కాస్త కిందికి దిగి, మళ్ళీ పైకి లేచేది.

ఒకరోజు షాపు ముందు జీపు ఆగింది. మీసాల సిపాయి ఒకడు దిగి, "మిషన్ తీసుకుని రా. సార్ పిలుస్తున్నాడు" అన్నాడు.

విషయం పేలు. రేకుల వెనక కిక్కిరిసి ఉన్నవాళ్ళ తలల్లోంచి కాపలావాళ్ళ తలల్లోకి, అక్కడి నుంచి కెప్టెన్ తలలోకి చేరాయి. పేలకి పక్షం లేదు. వాటికి చెక్‌పోస్టు లేదు. బడి వరండాలో ఒక బల్ల వెనక కెప్టెన్ చెవి వెనక గోక్కుంటూ కూర్చుని ఉన్నాడు.

"జీరో మిషన్. అందరికీ గుండే. ఎవరితోనూ మాట్లాడకూడదు. ముఖాలు చూడకూడదు" అన్నాడు.

"ముఖం చూడకుండా తల ఎలా గొరగాలి సార్? చెవి తెగితే పూచీ నాది కాదు."

"నోరు కూడా మూసుకునే ఉండాలి."

"సరే సార్."

వరండాలో బడిపిల్లల స్టూలు వేశారు. మనుషులు వంతులవారీగా వచ్చి తల వంచుకుని కూర్చుంటున్నారు. మాసిన చొక్కాలు, మోకాళ్ళ మీద చేతులు. ఎవరూ తల ఎత్తడం లేదు. మిషన్ రొద ఒకటే. కత్తెరమ్మ జీవితంలో మాట్లాడకుండా తల పని చేయడం అదే మొదటిసారి. అన్నం నమలకుండా మింగుతున్నట్టుంది అని తర్వాత చెప్పింది.

అలా కొందరయ్యాక ఒక తల వచ్చి కూర్చుంది. నడినెత్తి మీద రెండు సుళ్ళు. రెండు సుళ్ళుంటే రెండు పెళ్ళిళ్ళని ఇంట్లో అందరూ ఆటపట్టించే తల. ముఖం ఆమె చూడలేదు, చూడనక్కర్లేకపోయింది. చేతులు వాటి అలవాటుకొద్దీ గుడ్డ కప్పి వెనక ముడి వేశాయి. నోరు దాని అలవాటుకొద్దీ తెరుచుకుంది.

"ఎప్పటిలాగేనా?"

ఏళ్ళ తరబడి ఒకే కుర్చీ వెనక నిలబడ్డవాళ్ళు మాత్రమే చేయగల తప్పు అది. భయపడి ఏడ్చినా, పేరు పెట్టి పిలిచినా తప్పని తెలుసు గనక ఆ రెంటికీ ఆమె సిద్ధపడే ఉంది. దీనికి సిద్ధపడలేదు.

మీసాల సిపాయి ముందుకొచ్చాడు. "ఏంటీ? ఎప్పటిలాగంటే? వీడు నీకు తెలుసా?"

కెప్టెన్ గోక్కోవడం ఆపాడు.

"తెలియడమేంటి బాబూ! అందరినీ అడిగేదే. నోటికలవాటు."

"ఇందాకటివాళ్ళని అడగలేదే!"

"సార్ మాట్లాడొద్దన్నారుగా, బిగబట్టుకున్నా. ఎంతసేపని బిగబడతాం? జారిపోయింది."

కెప్టెన్ ఆమెని కాసేపు చూసి నవ్వాడు. "అడగనీరా. ఎలా అడిగినా గుండేగా."

స్టూలు మీది మనిషి ఆమె పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ ఆమెని వదినా అనే పిలిచాడు. ఇప్పుడు తల ఎత్తకుండా, "అవునమ్మా" అన్నాడు. ఎవరో దారినపోయే ఆవిడకి చెప్పినట్టు. ఆమె మిషన్ పెట్టింది. ఎడం చెవి పైన చెయ్యి కాస్త వణికింది.

అబద్ధం ఆడేసింది గనక ఇక దాన్ని నిజం చేయాలి. ఆ తర్వాత వచ్చిన ప్రతివాణ్ణీ "ఎప్పటిలాగేనా?" అని అడగాల్సి వచ్చింది. మొదటివాడు ఉలిక్కిపడ్డాడు, జవాబు చెప్పలేదు. రెండోవాడు, "సైడ్లు దగ్గరగా కొయ్యమ్మా. బస్టాండు షాపులో నత్త అంటారే, ఆయన కోసినట్టు" అన్నాడు. సిపాయిలు పగలబడి నవ్వారు. అతనూ నవ్వాడు. మిషన్ మాత్రం నెత్తి మీద నున్నగా దారి వేసుకుంటూ పోయింది.

దాంతో వరసకి ధైర్యమొచ్చింది. ఒకడు, "మిల్లు గేటు దగ్గర అన్నదమ్ముల షాపుంది చూడు, అందులో పెద్దోడు చేసినట్టు చెయ్యి. చిన్నోడికి రాదు" అన్నాడు. ఇంకొకడు, "ముందర కాస్త పొడుగుంచు, మా ఆవిడకి అలా ఉంటేనే ఇష్టం" అన్నాడు. అప్పటికే ఆ ముందర జుట్టు అతని ఒళ్ళోనే పడి ఉంది. ఒక పొడుగాటి మనిషి లేచేముందు, "నేను షాపుకి వెళ్ళను. మా నాన్నే చేస్తాడు" అన్నాడు, ఏదో క్షమాపణ చెప్పుకున్నట్టు.

మనుషుల్ని ఎన్నో అడిగి ఉంటారు ఆ బడిలో. ఎవరి మనిషివి, ఎవరు పంపారు, తుపాకులు ఎక్కడున్నాయి. నీకెలా కావాలి అని మాత్రం ఎవరూ అడిగి ఉండరు. దీన్ని పట్టుకుని ఇక్కడ ఒక పేరా ఉపన్యాసం ఇవ్వొచ్చు, ఇవ్వను. ఆమెకి ఆ సమయంలో అలాంటి ఆలోచనేమీ లేదు. ఎప్పుడెప్పుడు బయటపడదామా అనే ఉంది.

షాపుకి వచ్చి, తుడిచిన నేల మళ్ళీ తుడిచింది. కుర్చీకి నూనె వేసింది. ఎవరూ లేని కుర్చీని గిర్రున తిప్పి, ఆపి, మళ్ళీ తిప్పింది. భర్త పేపరు దించాడు.

"చూశావా?"

"చూశా."

"ఉన్నాడా?"

"ఉన్నాడు. చిక్కిపోయాడు."

ఆయన ముఖం పేపరు చాటుకి పోయింది. ఆ చాటు నుంచే, "దానికి చెప్పకు" అన్నాడు.

"దాని మొగుడయ్యా!"

"నాకు తమ్ముడు కాదా? నీకొక్కదానికే ఉందా బాధ? చెబితే అది ఆగుతుందా? ఆ కిటికీ దగ్గరికెళ్ళి ఉన్నాడని అరుస్తుంది. ఎవరు చెప్పారని అడుగుతారు. ఆ బడిలోకి వెళ్ళి బయటికొచ్చిన ఊరిమనిషివి నువ్వొక్కదానివే. వాణ్ణి వెనక నుంచి ఎటో తీసుకుపోతారు, నిన్ను ముందు నుంచి తీసుకుపోతారు."

అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆయన పిరికివాడు కాదు. లెక్క సరిగ్గా వేశాడు, అంతే. కత్తెరమ్మకి అదే ఒళ్ళు మండించింది. కత్తెర తీసి గాల్లో ఊరికే కచకచలాడిస్తూ వాకిట్లోకీ షాపులోకీ తిరిగింది.

మర్నాడు పొద్దున తోడికోడలు వచ్చి బెంచీ మీద కూలబడింది. కళ్ళ కింద నలుపు. కత్తెరమ్మ నోరు మూసుకుందామనే అనుకుంది. పక్కన కూర్చుని, ఎన్నడూ లేనిది, ఆమె జడ చేతిలోకి తీసుకుంది.

"ఏడవకే. రెండు సుళ్ళవాడు. రెండో పెళ్ళి చేసుకోకుండా ఎక్కడికీ పోడులే."

తోడికోడలు ఏడుపు ఆపి తల తిప్పింది.

"అక్కా, నీకేదో తెలిసింది."

"నాకేం తెలుసు? ఊరికే అన్నా."

"నువ్వు ఊరికే నన్ను తిడతావు. ఊరికే ఓదార్చవు. ఇన్నేళ్ళలో ఒక్కసారి నా జడ ముట్టుకున్నావా? చెప్పు."

బెంచీ చివర నుంచి ఒక నిట్టూర్పు వినిపించింది. అంత లెక్క వేసిన మనిషికి ఈ లెక్క తట్టలేదు. కత్తెరమ్మ చెప్పింది. చెప్పి, అరిస్తే గొంతు కోస్తానని కూడా చెప్పింది. తోడికోడలు అరవలేదు. చీర కొంగు నోట్లో కుక్కుకుని, షాపు వెనక గదిలోకి పోయి, గోడకి తల ఆనించి నిలబడింది.

ఒకళ్ళకి చెప్పాక మిగతావి కడుపులో నిలవలేదు. తన మరిది సరే, ఆ మిగిలినవాళ్ళ ఇళ్ళల్లో కూడా ఎవరో ఒకరు ఏదో ఒక కిటికీ దగ్గర లేడనిపించుకుంటూనే ఉంటారు కదా. పేర్లు ఆమెకి తెలియవు. తెలిసింది ఒకటే, ఎవరి తల ఎవరి చేతిదని.

బస్టాండు నత్త షాపు మూసి ఇంట్లో కూర్చున్నాడు. ఒక కటింగ్‌కి పూట పడుతుందని ఆ పేరు. "సైడ్లు దగ్గరగా కోయించుకుంటాడు, కనుబొమ్మ మీద చిన్న గాటు, నవ్వితే చిగుళ్ళు కనబడతాయి. నీ గిరాకీయేనా?" అంది కత్తెరమ్మ అతని ఇంటికి వెళ్ళి. నత్త మొదటిసారి త్వరగా లేచాడు. "బేకరీవాడు! వాడి పెళ్ళాం వాడు చచ్చాడనుకుని..." అంటూనే చెప్పులు వెతుక్కున్నాడు. మిల్లు గేటు పెద్దోడు కూడా గుర్తుపట్టాడు. "చిన్నోడికి రాదన్నాడా? అయితే వాడే" అన్నాడు. వాళ్ళ చిన్నోణ్ణి సైన్యం తీసుకుపోయింది, తుపాకీ పట్టుకుని ఎక్కడున్నాడో తెలియదు. ఆ సంగతి చెబుతూ నవ్వబోయి ఆగిపోయాడు. ముందర పొడుగుంచుకునేవాడు ఎవరి గిరాకీయో తేలడానికి మూడు వీధులు తిరగాల్సి వచ్చింది. షాపుకి వెళ్ళనివాడి సంగతి ఎవరికీ తెలియలేదు. అతన్ని ఏ మంగలీ ఎరగడు.

అలా కొన్ని ఇళ్ళకి, చప్పుడు లేకుండా, ఉన్నాడన్న మాట చేరింది. కానీ అది వాళ్ళ నోటి మాట కాదు. చేరిన ఇల్లు కుదురుగా ఉండలేదు సరికదా, చేరని ఇంటికన్నా ఎక్కువ అల్లాడింది.

ఆ సమయంలోనే రెండు పక్షాలకీ మధ్య ఏవో మాటలు జరిగి, రెండువైపులా పట్టుబడ్డవాళ్ళని చూసి రావడానికి బయటి నుంచి ఒక బృందాన్ని రానిచ్చారు. కొండలకి కొందరు వెళ్ళారు. అక్కడా లేరు లేరనే అన్నారట. ఊరికి ఒక లాయరమ్మ వచ్చింది. కురచ జుట్టు, భుజాన సంచి. బేకరీ ఆవిడ దారి చూపితే సెలూన్‌కి వచ్చి, కుర్చీలో కూర్చుంది.

"ఎలా కావాలి?" అంది కత్తెరమ్మ.

"చివర్లు తీస్తే చాలు. మీతో మాట్లాడాలి."

"అది తెలుస్తూనే ఉంది. నిన్ననో మొన్ననో కోయించుకున్న జుట్టిది."

లాయరమ్మ నవ్వి, సూటిగా విషయానికి వచ్చింది. బడికి వెళ్తే వాళ్ళు రిజిస్టరులో ఉన్నవాళ్ళనే చూపిస్తారు. లేరన్నవాళ్ళని ఫలానా మనిషిని చూపించండి అని అడగడానికి తమకి హక్కుంది, కానీ అడగాలంటే చూసిన మనిషి ఒకరు కావాలి. విన్నవాళ్ళు పనికిరారు. "మీ పేరు ఎక్కడా బయట పెట్టం. ఆ బాధ్యత నాది."

"పెట్టరట" అంది బెంచీ మీది పేపరు.

కత్తెరమ్మ చేతిలో కత్తెర లాయరమ్మ చెవి పక్కన గాల్లోనే కచకచమంటోంది. జుట్టు ఒక్క పోగు రాలడం లేదు.

"పేరు పెట్టకపోతే వాళ్ళకి తెలియదా అమ్మా?" అంది చివరికి. "లోపలికెళ్ళింది నేనొక్కదాన్నే. మీరు ఫలానావాడు అని నోరు తెరవగానే కెప్టెన్ నా మిషనే తలుచుకుంటాడు. పేరు దాస్తే దాని సుఖం ఎవరికి? వాళ్ళకే. పేరు లేని ఆడదాన్ని తీసుకుపోవడం తేలిక. రేపు నన్ను కూడా లేదు అంటే, ఉందని ఎవరంటారు?"

"మరి?"

"రాయండి. పెద్ద అక్షరాలతో రాయండి. ముందు నా పేరు రాసి, ఆ కింద వాళ్ళవి రాయండి. ఆ కెప్టెన్‌కి చదివి వినిపించండి. నేను ఉన్నట్టు వాడికి కూడా తెలియాలి."

"దానివల్ల మీకేమీ కాదని నేను హామీ ఇవ్వలేను" అంది లాయరమ్మ. అంత నిజం మాట్లాడినందుకు కత్తెరమ్మకి ఆమె మీద మొదటిసారి నమ్మకం కలిగింది.

ఇంటిపేరుతో సహా పూర్తి పేరు చెప్పింది. ఆ వీధిలో చాలామంది ఆ పేరు వినడం అదే మొదలు. బెంచీ మీద పేపరు మడిచిన చప్పుడైంది.

"నాది కూడా రాయండి. వాడి అన్నని" అన్నాడు భర్త.

"నువ్వేం చూశావని?"

"నువ్వు వచ్చి చెప్పడం చూశాను."

"ఇద్దర్నీ ఎత్తుకుపోతే షాపెవరు చూస్తారు?"

"ఇప్పుడు నేను చూస్తున్నదేముంది గనక!"

లాయరమ్మ ఆయన పేరు కూడా రాసుకుంది, సాక్షిగా కాదు, అన్నగా.

బృందం బడికి వెళ్ళిన రోజు, గేటు బయట ఇళ్ళవాళ్ళందరూ పోగయ్యారు. కత్తెరమ్మ గేటు చువ్వలకి దగ్గరగా నిలబడింది. ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతూనే ఉంది. లోపల వరండాలో, అదే బల్ల దగ్గర, కెప్టెన్ రిజిస్టరు చూపిస్తున్నాడు. ఇంతే, వీళ్ళే, ఇంకెవరూ లేరు. లాయరమ్మ కాగితం విప్పింది. ఏదో చదివింది. కెప్టెన్ అరిచింది మాత్రం గేటు దాకా వినబడింది.

"ఎవరు చెప్పారు?"

లాయరమ్మ కాగితం మీద పైన వేలు పెట్టి చూపించి, ఆ వేలితోనే గేటువైపు చూపింది. కెప్టెన్ తల తిప్పాడు. అంత దూరం నుంచీ ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. కాళ్ళు వణికాయా అని తర్వాత అడిగితే, "వణికాయి. ఆయన కాలరు మీదికి జుట్టు దిగింది, మళ్ళీ పేలు పడతాయి అనుకున్నా" అంది. రెండూ నిజమే అయి ఉండాలి.

చాలాసేపు ఏమీ జరగలేదు. లాయరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది, సాయంత్రం దాకా కూర్చోవడానికి వచ్చినదానిలా. కెప్టెన్ లోపలికీ బయటికీ తిరిగాడు, ఫోన్ చేశాడు. ఆఖరికి బడి వెనక ప్రయోగశాల తాళం తీశారు. ఇప్పుడే వేరే చోటి నుంచి తెచ్చారట, ఇంకా రిజిస్టరులో ఎక్కలేదట. గుండ్ల మీద కొత్త జుట్టు గరుగ్గా మొలిచిన మనుషులు ఒకరి వెనక ఒకరు ఎండలోకి వచ్చారు. ఒక్కొక్కరి పేరూ రిజిస్టరులో రాయించి, సంతకం చేయించేదాకా లాయరమ్మ కుర్చీలోంచి లేవలేదు.

నాలుగోవాడు మరిది. వదలలేదు. ఎప్పుడు వదులుతారో చెప్పలేదు. కానీ ఉన్నాడు. సైన్యం సిరాతో ఉన్నాడు.

దగ్గరికి పోనివ్వలేదు. తోడికోడలు చువ్వల్లోంచి అతన్ని కళ్ళార్పకుండా చూసింది. ఏడుస్తుందేమోనని అందరూ ఎదురుచూశారు.

"అక్కా, ఎడం చెవి పైన వదిలేశావు" అంది.

"చెయ్యి వణికిందిలేవే."

"పెళ్ళికి మూడుసార్లు కోశావు, జైలుకి సగం వదిలేశావు. ఏం పనిమంతురాలివే తల్లీ!" అంది. అప్పుడు ఏడ్చింది.

ఇక్కడ ఆపేస్తే బావుండేది. కానీ లాయరమ్మ అడిగినవాళ్ళలో ఇద్దరు రాలేదు. బేకరీవాడు ఒకడు, షాపుకి వెళ్ళని పొడుగుమనిషి ఒకడు. ఒకడికి పేరుంది, ఇంకొకడికి ఆనవాళ్ళే ఉన్నాయి. తాళం తీసిన గదిలో వాళ్ళు లేరు. కెప్టెన్ మళ్ళీ పాతమాటే అన్నాడు, అలాంటివాళ్ళు లేరని. లాయరమ్మ ఆ మాటని కూడా రాసుకుని అతనిచేత సంతకం పెట్టించింది.

ఈ కబురు ఊళ్ళు దాటి పోయింది. కొన్నాళ్ళకి ఒక ముసలాయన బస్సులు లేని దారిన నడిచి, సెలూన్ వెతుక్కుంటూ వచ్చాడు. కుర్చీలో కూర్చోలేదు. బెంచీ మీద, భర్త పక్కన కూర్చున్నాడు.

"పొడుగ్గా ఉంటాడమ్మా. మెడ కాస్త ముందుకి. ఏమన్నాడు మావాడు?"

"నేను షాపుకి వెళ్ళను, మా నాన్నే చేస్తాడు అన్నాడు."

ఆయన తల ఊపాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు. "ఏమన్నాడన్నావమ్మా?" అన్నాడు. ఆమె మళ్ళీ చెప్పింది. ఇప్పుడు లాయరమ్మ కాగితంలో ఆనవాళ్ళ పక్కన అతని పేరు చేరింది. లాయరమ్మ ఉత్తరాలు రాస్తూనే ఉంది. ముసలాయన ఊళ్ళోనే ఎవరింట్లోనో చోటు చూసుకున్నాడు. రోజూ వస్తాడు, రోజూ అడుగుతాడు. నోటి దురుసుకి పేరుబడ్డ మనిషి రోజూ అదే జవాబు అదే ఓపికతో చెబుతుంది. చెప్పాక మాత్రం కాసేపు కుర్చీని ఊరికే తిప్పుతూ ఉంటుంది.

పేలు మళ్ళీ పడ్డాయి. సైన్యం తన మంగలిని తెప్పించుకుంది. అతను తోలు తీశాడో వెంట్రుకలు తీశాడో తెలియకుండా చేసి, జ్వరం వచ్చి పడుకున్నాడు. ఒక పొద్దున్న మీసాల సిపాయి షాపు ముందు జీపు దిగాడు. ఈసారి మర్యాదగా గడప బయటే నిలబడ్డాడు.

"సార్ పిలుస్తున్నాడు. కానీ ఒక్క మాట మాట్లాడకూడదట. అలవాటూ గిలవాటూ అంటే ఊరుకోడట."

"వెళ్ళకు" అన్నాడు భర్త. అనేసి, ఆమె చెప్పులు తానే తెచ్చి ముందు పెట్టాడు.

ఆమె మిషన్ సర్దుకుంది. తోడికోడల్ని పిలిచి, "సాయంత్రం దీపాల వేళకి రాకపోతే లాయరమ్మకి ఫోన్ చెయ్యి. నా పేరు తెలుసుగా?" అంది.

"తెలుసు. ఈమధ్యే తెలిసింది."

ముసలాయన బెంచీ మీది నుంచి లేచి నిలబడ్డాడు. ఆమె జీపెక్కింది.

అదే వరండా, అదే స్టూలు. కెప్టెన్ ఆమె ముఖం చూడకుండా వేరేవైపు తిరిగి కూర్చున్నాడు. రిజిస్టరు బల్ల మీదే ఉంది. మరిది ఎండలో దూరంగా కనబడ్డాడు, తల కొంచెం ఊపాడు. మిగతావన్నీ కొత్త తలలు. మొదటివాడు వచ్చి కూర్చున్నాడు. ఆమె గుడ్డ కప్పి, వెనక ముడి వేసింది. నోటి చివర దాకా వచ్చిన మాటని పళ్ళతో నొక్కి పట్టింది. మిషన్ మీట నొక్కింది.

మొదటివాడు తల వంచుకునే, ఎవరూ అడక్కుండానే, తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు.

"రైలు గేటు పక్కన కుంటాయన ఉంటాడు. ఆయన చేసినట్టే."

సిపాయి ఆమెని చూశాడు. ఆమె పెదవులు బిగించే ఉన్నాయి. రెండోవాడు కూర్చుంటూనే, "సంత వీధి, మేడ కింద షాపు" అన్నాడు. మూడోవాడు ఇంకో వీధి పేరు చెప్పాడు. ఆమెని మాట్లాడొద్దన్నారు గానీ, వాళ్ళని ఎవరూ ఏమీ అనలేదు. అనేలోగా వరస కదిలిపోతోంది.

కత్తెరమ్మ చేతులు ఆడిస్తూ వింటోంది. ఒక్కొక్కటీ గుర్తుపెట్టుకుంటోంది. ప్రతి తల కిందికి వంగినప్పుడూ, మెడ కాస్త ముందుకి ఉందా అని చూస్తోంది. మా నాన్నే చేస్తాడు అని ఎవరైనా అంటారేమోనని మిషన్‌ని చెవికి దూరంగా పట్టుకుని ఆగుతోంది. వరండా చివర మలుపు దాకా ఇంకా మనుషులున్నారు. మలుపు అవతల ఎంతమంది ఉన్నారో ఇక్కడి నుంచి కనబడటం లేదు.